గడప దాటే సహాయం: వరంగల్ ప్రాంతంలో కుటుంబ ట్రస్టు నిధులు ఎలా ఇవ్వాలి

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ పట్టణాల్లో ఇంటి పెద్ద పోయాక ఆయన పేరు మీద ఏదైనా మంచి పని చేయాలని పిల్లలు అనుకోవడం మామూలే. సంవత్సరీకం నాడు అన్నదానం, ఊరి బడిలో నోటు పుస్తకాల పంపిణీ, ఫంక్షన్ హాల్లో వేదిక కట్టి పది వీల్‌చైర్లు పంచడం మనకు అలవాటైన దారులు. వాటిని నేను తప్పుపట్టను. అయితే వికలాంగుల కోసం, చదువు కోసం, వైద్యం కోసం పనిచేస్తున్న సంస్థలకు ఏటా తప్పకుండా కొంత సొమ్ము చేరాలని, అందుకు ఒక కుటుంబ ట్రస్టు నడపాలని అనుకునేవారికి ఆ దారులు చాలవు. మా నాయన ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసి కూడబెట్టినదాంట్లో ఒక భాగంతో మేము పెట్టుకున్న ట్రస్టు లెక్కలు పన్నెండేళ్లుగా నేనే చూస్తున్నాను. ఈ పన్నెండేళ్లలో మాకు నిలబడిన పద్ధతిని, మేము చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే మా పద్ధతి మారింది అక్కడే. నర్సంపేట వైపు ఒక ఊళ్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కండరాల మీద అదుపు లేకపోవడం) ఉన్న తొమ్మిదేళ్ల పాపకు మేము వీల్‌చైర్ ఇచ్చాము. ఆరు నెలల తర్వాత చూడటానికి వెళ్తే అది పశువుల కొట్టం పక్కన ఉన్నది. సీటు మీద సగం వాడిన యూరియా బస్తా, చేతిపట్టీ మీద ఆరేసిన తువ్వాల. పాప లోపల, గోడకు ఆనించిన దిండ్ల మధ్య కూర్చుని ఉన్నది. ఆ తల్లి నొచ్చుకుంటూ, "బండి మంచిగనే ఉన్నది సారూ, గని గడప దాటదు. దాంట్ల కూసోవెడ్తె పిల్ల ఒక్క దిక్కు ఒరుగుతది" అన్నది. కుర్చీ పెద్దవాళ్ల కొలతది. నడుము పక్కన ఆసరా లేదు, మెడకు ఆధారం లేదు. ఇంటి అరుగు అడుగున్నర ఎత్తు ఉన్నది. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలన్నది ప్రమాణం, అంటే అడుగున్నర ఎత్తుకు పద్దెనిమిది అడుగుల పొడవు కావాలి. ఆ వాకిలి పన్నెండు అడుగులకే రోడ్డులో కలుస్తుంది కాబట్టి మధ్యలో మలుపు తిప్పి కట్టవలసి వచ్చింది. చివరికి కుర్చీని పాప కొలతకు మార్పించడానికీ ర్యాంపు కట్టించడానికీ అయిన ఖర్చు కుర్చీ ధరను మించిపోయింది.

వస్తువుకు పెట్టే ధర వేరు, ఆ వస్తువు ఆ మనిషికి పనికివచ్చేలా చేయడానికి అయ్యే ఖర్చు వేరు. మొదటిదానికి దాతలు దొరుకుతారు. రెండోదానికి, అంటే థెరపిస్టు జీతానికి, ఆటో కిరాయికి, బ్యాటరీలకు, మరమ్మతులకు, ఇంటింటికీ తిరిగే మనిషికి దాతలు దొరకరు. చిన్న కుటుంబ ట్రస్టు పట్టించుకోవలసింది ఆ రెండో ఖర్చునే అని నా అభిప్రాయం. కింద చెప్పేదంతా ఆ అభిప్రాయం మీదనే నిలబడి ఉన్నది.

ఏటా ఎంత ఇవ్వగలమో తేల్చుకోవడం

మూలధనం ఎంత అన్నదానికంటే ఏటా చేతికి ఎంత వస్తుందన్నది ముఖ్యం. ఉదాహరణకు 60 లక్షల రూపాయలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, వడ్డీ 7 శాతం అనుకుంటే ఏడాదికి 4,20,000 వస్తాయి. పన్ను మినహాయింపు పూర్తిగా నిలవాలంటే మామూలుగా ధార్మిక ట్రస్టు తన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని ఆ ఏడాదిలోనే ధార్మిక పనులకు వాడాలి, అంటే 3,57,000. అందరూ పొరపడేది ఇక్కడే. మీరు స్వయంగా థెరపిస్టుకు జీతం ఇచ్చినా, మందులు కొని ఇచ్చినా పెట్టిన ప్రతి రూపాయీ లెక్కలోకి వస్తుంది. కానీ 2023 ఆర్థిక చట్టం తెచ్చిన మార్పు ప్రకారం, మరో నమోదైన ట్రస్టుకు విరాళంగా ఇచ్చినదాంట్లో 85 శాతాన్నే ఖర్చుగా పరిగణిస్తారు. కాబట్టి 3,57,000 ఇచ్చేశాం, చాలుననుకుంటే లెక్కలోకి వచ్చేది 3,03,450 మాత్రమే, 53,550 తక్కువ పడుతుంది. మొత్తం 4,20,000 సంస్థలకే ఇచ్చేస్తే సరిగ్గా 3,57,000 లెక్కకు వస్తుంది. కేవలం ఇతర సంస్థలకు ఇచ్చే పద్ధతిలోనే నడిచే ట్రస్టు ఏటా వచ్చిన వడ్డీ అంతా ఇచ్చేయాలన్న మాట. మేము కొంత సంస్థలకు ఇచ్చి కొంత నేరుగా ఖర్చు పెడతాము. అందువల్ల చేతిలో కాస్త వెసులుబాటు ఉంటుంది.

చెల్లించినదే ఖర్చు అన్న నియమాన్ని కూడా గుర్తుంచుకోవాలి. మార్చిలో తీర్మానం చేసి ఏప్రిల్‌లో డబ్బు పంపితే అది ఆ ఏడాది లెక్కలోకి రాదు. అవతలి సంస్థకు మూలధనంగా, అంటే కార్పస్‌గా ఇచ్చినది అసలే లెక్కలోకి రాదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు తెచ్చే నమోదు), 80జీ (విరాళం ఇచ్చినవారికి పన్ను మినహాయింపు) అని మనం నోటి అలవాటుగా అంటున్నవాటిని కొత్త అంకెలతో ఆడిటర్ చేత ఒకసారి సరిచూపించుకోవడం మంచిది.

దస్తావేజు, నమోదు, అమెరికా డబ్బు

ట్రస్టు దస్తావేజును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించి, పాన్ తీసుకుని, ట్రస్టు పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి, ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. మొదట తాత్కాలిక నమోదు ఇస్తారు. పనులు మొదలుపెట్టాక మళ్లీ దరఖాస్తు చేసి రెగ్యులర్ నమోదు తెచ్చుకోవాలి. దస్తావేజు రాయించేటప్పుడు లేఖరి దగ్గర ఉన్న పాత నమూనాను అలాగే దించుకోవద్దు. "ఇవే లక్ష్యాలతో పనిచేసే ఇతర సంస్థలకు ఆర్థిక సహాయం చేయవచ్చు" అన్న వాక్యం, ట్రస్టును వెనక్కి తీసుకోవడానికి వీల్లేదన్న వాక్యం, మూసివేస్తే ఆస్తి అలాంటి మరో ట్రస్టుకే చేరుతుందన్న వాక్యం స్పష్టంగా ఉండాలి. ట్రస్టీల్లో ఒకరైనా కుటుంబం బయటివారు, వీలైతే స్వయంగా వైకల్యం ఉన్నవారు, ఉంటే మీ నిర్ణయాలు ఎంత మారుతాయో రెండు సమావేశాల్లోనే తెలిసిపోతుంది.

80జీ విషయంలో ఆశలు పెంచుకోవద్దు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జీ మినహాయింపే వర్తించదు. కాబట్టి ఇంట్లో ఉద్యోగాలు చేసే పిల్లలను పన్ను మిగులుతుందని చెప్పి ఒప్పించే పరిస్థితి ఇప్పుడు లేదు.

మన జిల్లాల్లో ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే ఇంకో చిక్కు విదేశాల్లో ఉన్న పిల్లల డబ్బు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన పొదుపులోంచి బ్యాంకు ద్వారా మామూలుగా పంపినది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేకుండా ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. నమోదు ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. మా చెల్లెలు పౌరసత్వం మార్చుకున్న ఏడాది నుంచి ఆమె దగ్గర మేము రూపాయి తీసుకోలేదు. ఆమె మాత్రం ప్రతి దరఖాస్తూ చదివి తన మాట చెబుతుంది. డబ్బు కంటే ఆ చదవడమే మాకు ఎక్కువ ఉపయోగపడింది.

బంధువుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ట్రస్టీల దగ్గరి బంధువులకు ట్రస్టు సొమ్ము నుంచి లాభం చేకూరితే మినహాయింపుకే ముప్పు. మా బావ తన కొడుకు ఇంజినీరింగ్ ఫీజు కోసం అడిగినప్పుడు మా నాయన సొంత జేబులోంచి ఇచ్చి, ట్రస్టు పుస్తకాన్ని మాత్రం ముట్టనివ్వలేదు.

ప్రభుత్వం ఇవ్వవలసినది ముందు ఇప్పించాలి

ట్రస్టు డబ్బుతో ఏదైనా కొనే ముందు ఆ కుటుంబానికి హక్కుగా రావలసినది వచ్చిందా అని చూడాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉన్నది. మండలాల్లో ఇలాంటి పిల్లలకు చదువు, థెరపీ అందించే భవిత కేంద్రాలు ఉన్నాయి. పుట్టుకతో వచ్చే లోపాలనూ ఎదుగుదల ఆలస్యాన్నీ అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షించి జిల్లా కేంద్రానికి పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తున్నది. వినికిడి యంత్రాలు, మూడు చక్రాల బండ్లు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం ఉన్నది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది.

వీటిలో చాలావాటికి తాళంచెవి వైకల్య సర్టిఫికెట్టు. పరీక్షకు స్లాటు దొరకబుచ్చుకోవడం, ఆ రోజుకు పాత వైద్య పత్రాలు సర్దుకోవడం, పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్లడం, పేరులో ఒక అక్షరం తప్పు పడితే మళ్లీ తిరగడం కూలి పనికి పోయే తల్లిదండ్రులకు ఎంత భారమో ఒకసారి వారితో వెళ్లి చూస్తే గాని తెలియదు. అందుకే మేము ఇచ్చిన సహాయాల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చినది ఒక సంస్థలోని కార్యకర్త జీతం. ఈ లెక్క చూడండి. వికలాంగుల పింఛను 2023లో నెలకు 3,016 నుంచి 4,016కు పెరిగింది, అంటే ఏడాదికి 48,192. నెలకు 15,000 జీతంతో ఏడాదికి 1,80,000 తీసుకునే కార్యకర్త అర్హత ఉన్న పదిమందికి పింఛను మంజూరు చేయించగలిగితే ఆ ఇళ్లకు ఏడాదికి 4,81,920 చేరుతుంది, ఆ తర్వాత కూడా చేరుతూనే ఉంటుంది. అయినా జీతాలకు డబ్బు ఇవ్వమని అడిగితే చాలామంది దాతలు అది పరిపాలనా ఖర్చు అని కొట్టివేస్తారు. ఈ పనిలో మనిషే అసలు ఖర్చు అని ఆ దాతలకు అర్థమయ్యేదాకా చెప్పవలసిన బాధ్యత మనలాంటివారిది.

చదువు విషయంలోనూ ఇంతే. చూపులేని ఇంటర్ విద్యార్థికి పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు ఉండాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2018లోనే చెప్పాయి. ఆ సహాయకుడిని వెతికి, ముందుగా ఇద్దరినీ కలిసి సాధన చేయించడానికి కొద్దిపాటి డబ్బు చాలు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం. కావలసింది అది నేర్పే మనిషి. వైద్యంలో ములుగు, ఏటూరునాగారం, ఆదిలాబాద్ ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధిని చూడండి. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు జరుగుతున్నాయి. పరీక్ష తర్వాత ప్రతి నెలా మందు అందిందా, నొప్పి వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్లాలో ఇంట్లోవాళ్లకు తెలుసా అని వాళ్ల భాషలోనే అడిగే మనిషికి జీతం ఇవ్వడం మన చేతిలో ఉన్న పని.

సంస్థను ఎంచుకోవడం

ఒక పూటలో వెళ్లి తిరిగి రాగలిగిన దూరంలో ఉన్న సంస్థలనే తీసుకోవాలన్నది మా నియమం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, హుజూరాబాద్ వరకు మాకు అందుతాయి. వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లండి గాని, నిర్ణయం మాత్రం మామూలు పనిదినం నాడు వెళ్లి చూసిన తర్వాతనే తీసుకోండి. హాజరు పట్టికలో ఉన్న పిల్లలు గదుల్లో ఉన్నారా? ప్రత్యేక ఉపాధ్యాయులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు సంఖ్య ఉన్నదా? వికలాంగుల సంస్థగా చట్టప్రకారం నమోదు అయిందా? హాస్టల్ ఉంటే అమ్మాయిల గదుల తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి ఎవరు ఉంటారు? ఇవన్నీ అడగండి. మరుగుదొడ్డి తలుపు వెడల్పును నేను టేపుతో కొలుస్తాను. వికలాంగుల బడిలో వీల్‌చైర్ దూరని మరుగుదొడ్డి ఉంటే, మొదటి ఏడాది సహాయం ఆ తలుపుకే ఇస్తాము.

పిల్లల తల్లులతో, నిర్వాహకులు పక్కన లేనప్పుడు, పది నిమిషాలు మాట్లాడండి. "ఇక్కడికి రావడానికి ఏం కష్టమైతుందమ్మా?" అని అడిగితే చాలు. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు, కానీ బస్టాండు నుంచి సెంటర్ దాకా ఆటోకు రోజుకు వంద అవుతుందని మాకు చెప్పింది ఒక తల్లే. నిర్వాహకుల దరఖాస్తులో ఆ మాట లేదు. వాళ్లు కొత్త ఫిజియోథెరపీ యంత్రం అడిగారు. మేము ఇద్దరితోనూ మాట్లాడి, ఒక ఆటోను నెలవారీ కిరాయికి పెట్టాము.

దరఖాస్తు, తీర్మానం

దరఖాస్తు రెండు పేజీలు మించకూడదు, తెలుగులో రాయడానికి వీలుండాలి. ఏం పని చేస్తున్నారు, ఎవరికి, ఎంతమందికి, మూడేళ్లకు ఎంత కావాలి, ఆ డబ్బు రాకపోతే ఏం ఆగిపోతుంది అన్న ఐదు ప్రశ్నలు చాలు. నమోదు పత్రాలు, పాన్, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు జతచేయమనండి. పిల్లల ఫొటోలు అడగవద్దు, పంపినా వాడవద్దు. సహాయం తీసుకున్నందుకు బిడ్డ ముఖాన్ని ఫ్లెక్సీ మీద చూసుకోవలసిన గతి ఏ తల్లికీ పట్టకూడదు.

పది సంస్థలకు తలా నలభై వేలు ఇవ్వడం కంటే మూడు సంస్థలకు మూడేళ్లపాటు ఏటా తలా లక్షకు పైగా ఇవ్వడం మేలు. ఏడాదికి మాత్రమే డబ్బు ఉంటుందని తెలిసిన సంస్థ మంచి థెరపిస్టును పెట్టుకోలేదు, పెట్టుకున్నా నిలుపుకోలేదు. దీని మీద మా ఇంట్లో గట్టిగానే వాదన జరిగింది. "అందరూ మనవాళ్లే, ఎవరికీ లేదనొద్దు" అన్నది మా పెదనాన్న మాట. రెండేళ్లు ఆయన చెప్పినట్టే పంచిన తర్వాత, ఏ సంస్థలోనూ మా డబ్బుతో నిలిచిన పని ఒక్కటీ చూపలేకపోయాను. ఆయనే మూడేళ్ల పద్ధతికి తీర్మానం ప్రతిపాదించారు. ఏటా ఒక చిన్న భాగాన్ని మాత్రం అత్యవసరాల కోసం పక్కన పెట్టుకుంటాము. ఎంజీఎం ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చినవారికి చికిత్స అందినా, రోగి వెంట ఉన్న మనిషి తిండికీ పోయిన కూలికీ దారి ఉండదు. అలాంటివాటికి ఇద్దరు ట్రస్టీల సంతకంతో అదే రోజు ఇవ్వగలగాలి.

మా సమావేశాలు ఏప్రిల్‌లో జరుగుతాయి. బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి మొదటి విడత మే నెలాఖరుకు చేరాలి, రెండో విడత డిసెంబరులో ఇవ్వాలి. లేదని చెప్పవలసిన సంస్థలకు కూడా నెలలోపు, కారణంతో సహా, ఉత్తరం రాయాలి.

ఇచ్చిన తర్వాత

ఒక సంస్థ ద్వారా మేము మొదటి ఏడాదే ఒక బడి పిల్లలకు వినికిడి యంత్రాలు ఇప్పించాము. మరుసటి ఏడాది వెళ్తే చాలావరకు బీరువాలో, డబ్బాల్లోనే ఉన్నాయి. బ్యాటరీ ఒకటి రెండు వారాలకే అయిపోతుంది. పిల్లలు ఎదిగేకొద్దీ చెవిలో పెట్టే అచ్చు వదులై యంత్రం కూత పెడుతుంది, అచ్చు మళ్లీ తీయించాలి. ఈ రెండిటికీ మేము డబ్బు పెట్టలేదు. తప్పు పూర్తిగా మాదే. అప్పటి నుంచి ఏ పరికరానికి డబ్బు ఇచ్చినా మూడేళ్ల నిర్వహణ ఖర్చును కలిపే మంజూరు చేస్తాము.

ఆరు నెలలకు ఒక పేజీ నివేదిక, ఏడాది చివర ఆడిటర్ సంతకంతో వినియోగ ధ్రువపత్రం అడిగితే సరిపోతుంది. అంకెలు చదివేటప్పుడు మన నేల క్యాలెండర్‌ను పక్కన పెట్టుకోవాలి. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతలప్పుడు తల్లులు కూలి వదులుకుని పిల్లలను థెరపీకి తీసుకురాలేరు. ములుగు వైపు మేడారం జాతర ఏడాదిలో ఇంకొన్ని రోజులు పోతాయి. నవంబరులో హాజరు తగ్గిందని సంస్థను నిలదీయడం అన్యాయం. ఆ నెలల్లో థెరపిస్టు ఊళ్లకు వెళ్లడానికి బండి ఖర్చు ఇవ్వగలమా అని ఆలోచించాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ మెడ నిలపడానికే ఏడాది పట్టవచ్చు. కూర్చోవడం, చెంచా పట్టుకోవడం, ఆకలి చెప్పగలగడం వంటివి ఆ ఇంటికి పెద్ద మార్పులు. ఎంతమంది నడిచారు, ఎంతమంది పాసయ్యారు అని మాత్రమే అడిగే పట్టికలో వాటికి చోటుండదు. కాబట్టి ఆ పట్టికను మార్చుకోవలసింది మనమే.

మూడేళ్లు పూర్తికావడానికి ఏడాది ముందే సహాయం కొనసాగుతుందో ఆగుతుందో రాతపూర్వకంగా చెప్పాలి. ఆపదలచుకుంటే చివరి ఏడాది మొత్తాన్ని ఒక్కసారిగా కోయకుండా సగానికి తగ్గించి, వేరే దాతల దగ్గర చూపించుకోవడానికి మీ సందర్శన నివేదికలను, ఒక పరిచయ లేఖను ఆ సంస్థకు ఇచ్చి, ఆ థెరపిస్టు జీతం ఏ నెల వరకు మీ బాధ్యతో ఆ లేఖలోనే తేదీతో సహా రాయండి.